బొబ్బిలి పాటలో కనిపించని జీతాల పద్దు

దక్షిణ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణానికి ఎదురుగా బేర్ సరాయ్ అనే చిన్న పేట ఉంది. సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఇప్పుడు అక్కడ దిగే బాటసారులు పోటీ పరీక్షల విద్యార్థులు. ఇరుకు సందుల్లోని పుస్తకాల అంగళ్ళు, జిరాక్సు దుకాణాలు, అద్దె గదులు దశాబ్దాలుగా వారిని ఆదరిస్తున్నాయి. వారిలో తెలుగు యువకులూ తక్కువేమీ కాదు. చరిత్రను ఐచ్ఛికంగా ఎంచుకున్న ప్రతి విద్యార్థీ ఏదో ఒకనాడు కంఠస్థం చేసే ప్రశ్న ఒకటుంది: సిద్ధసైన్యం వల్ల లాభాలేమిటి, నష్టాలేమిటి? జవాబు నాలుగైదు అంశాలుగా అచ్చయి దొరుకుతుంది. అలాఉద్దీన్ ఖిల్జీ నగదు జీతాల సైన్యం ఒక పేజీలో, కాకతీయుల నాయంకర వ్యవస్థ మరొక పేజీలో ఉంటాయి. రెంటినీ కలిపి చదవమని ఎవరూ అడగరు.

ఆ ప్రశ్నను పరీక్ష పత్రం నుంచి తీసి తెలుగు సాహిత్యం ముందు పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. వీరులను కీర్తించడంలో మన వాఙ్మయం ఏనాడూ పిసినారితనం చూపలేదు. పల్నాటి వీరులకు ద్విపద ఉంది, బొబ్బిలి వెలమదొరలకు కావ్యమూ జంగం కథా ఉన్నాయి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి జానపద గేయాలున్నాయి. కానీ ఆ వీరుడు ఏం తిని యుద్ధం చేశాడు, ఆ తిండి ఎవరు పెట్టారు అనే ప్రశ్న దగ్గర మన కవులు సాధారణంగా మౌనం వహించారు. ఆ మౌనం వల్ల మన చరిత్రలోని ఒక ముఖ్య సత్యం సాహిత్యంలోకి రాకుండా పోయిందని నా అభిప్రాయం. తెలుగుదేశపు పటంలోని పెద్ద విభజన రేఖలను గీసింది కత్తుల కన్నా ఎక్కువగా సైనికుల జీతాల పద్దు.

బేర్ సరాయ్‌కి సమీపంలోనే హౌజ్ ఖాస్ చెరువు ఉంది. దాన్ని తవ్వించినవాడు అలాఉద్దీన్ ఖిల్జీ. పూడిపోయిన ఆ చెరువును బాగుచేయించి, గట్టున మదరసా కట్టించి, అక్కడే సమాధి అయినవాడు ఫిరోజ్ షా తుగ్లక్. సైన్యాన్ని పోషించే విధానంలో వీరిద్దరూ పరస్పర విరుద్ధులు. 1296 నుంచి 1316 వరకు పాలించిన అలాఉద్దీన్ సైనికుడికి భూమి ఇవ్వడం కన్నా ఖజానా నుంచి రొక్కం ఇవ్వడమే మేలనుకున్నాడు. గుర్రాలకు ముద్రలు వేయించాడు, సైనికుల ఆనవాళ్ళు రాయించాడు. ఆశ్వికుడి జీతం సాలుకు 234 టంకాలని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఆ జీతంతో సైనికుడు బతకాలంటే ధాన్యం ధర పెరగకూడదు. కాబట్టి ఢిల్లీ అంగళ్ళలో ధరలను కట్టడి చేయవలసి వచ్చింది. సిద్ధసైన్యం మొదటి గుణం, మొదటి దోషం రెండూ ఇందులోనే కనిపిస్తాయి. ఆజ్ఞ అందిన మరుక్షణం కదిలే సైన్యం రాజు చేతిలో ఉంటుంది. కానీ దాన్ని నిలబెట్టడానికి రాజు చేయి ప్రతి రైతు గాదెలోకీ, ప్రతి కోమటి తక్కెడలోకీ వెళ్ళవలసి ఉంటుంది. అలాఉద్దీన్ మరణించాక ఆ ధరల కట్టడి నిలవలేదు.

1351 నుంచి 1388 వరకు పాలించిన ఫిరోజ్ షా దీనికి విరుగుడుగా సైనికులకు గ్రామాల ఆదాయాన్ని రాసిచ్చాడు. తండ్రి ముసలివాడైతే కొడుకు, కొడుకు లేకపోతే అల్లుడు ఆ కొలువులోకి రావచ్చునన్నాడు. ఆయన దయాగుణానికి నిదర్శనంగా అఫీఫ్ అనే చరిత్రకారుడు ఒక ఉదంతం చెప్పాడు. తనిఖీలో గుర్రాన్ని చూపించలేక బాధపడుతున్న ఒక సైనికుడి గోడు సుల్తాను చెవిన పడిందట. గుమాస్తా చేతిలో పెట్టి గండం గట్టెక్కమని సుల్తానే ఒక బంగారు టంకా ఇప్పించాడట. దయ ఉన్నది నిజమే. కానీ తన సైన్యపు లెక్కను తానే లంచమిచ్చి చెరిపిన ఏలిక కథ కూడా అదే. ఆయన పోయిన పదేళ్ళకు, 1398లో, తైమూరు ఢిల్లీని కొల్లగొట్టాడు. సైనికవృత్తి వంశపారంపర్యమైతే సైనికుడికి భద్రత కలుగుతుంది, సైన్యానికి మాత్రం తుప్పు పడుతుంది.

ఈ రెండు పద్ధతులనూ మన ప్రాచీనులు ఎరగకపోలేదు. వంశక్రమంగా రాజును అంటిపెట్టుకుని ఉండేది మౌలబలమనీ, జీతానికి కుదిరేది భృతబలమనీ కౌటిల్యుడు వేరుచేశాడు. మౌలబలమే శ్రేష్ఠమన్నాడు, రాజుతో పాటే దానికీ ఉనికి గనుక. భృతబలం ఆ తరువాతిది. అయితే అది ఎల్లప్పుడూ దగ్గరే ఉంటుందనీ, త్వరగా కదులుతుందనీ, చెప్పినట్టు వింటుందనీ ఒప్పుకున్నాడు. తరువాతి కాలంలో ఈ విషయంపై జరిగిన వాదాలన్నిటికీ బీజం ఇక్కడ ఉంది.

అలాఉద్దీన్ సేనలకు ఎదురు నిలిచిన ఓరుగల్లుది మరొక పద్ధతి. కాకతీయుల కాలంలో నాయకుడు కొన్ని గ్రామాలను అనుభవిస్తూ, వాటి ఆదాయంతో సైనికులను పోషించి, పిలుపు వచ్చినప్పుడు వారితో సహా రాజు దగ్గరకు వచ్చేవాడు. ఓరుగల్లు కోట డెబ్బై ఏడు బురుజులను డెబ్బై ఏడుగురు నాయకులు కాచారని ప్రతాపరుద్ర చరిత్రము సంప్రదాయంగా చెబుతుంది. ఈ యోధవర్గాన్ని గురించి మనలో ఒక అపోహ ఉంది. వీరులు పుట్టుకతోనే వీరులనీ, కొన్ని కులాలకే కత్తి కట్టే హక్కు ఉండేదనీ తరువాతి వంశచరిత్రలు చెప్పుకున్నాయి. శాసనాలు ఆ మాటను బలపరచవు. కాకతీయులే తమ శాసనాల్లో అనేకచోట్ల తాము చతుర్థ కులానికి చెందినవారమని సంకోచం లేకుండా చెప్పుకున్నారు. నాయక, లెంక, బంటు అనే బిరుదులు చాలావరకు కొలువువల్ల వచ్చినవే గాని జన్మవల్ల వచ్చినవి కావు. ఆంధ్ర శాసనాలను పరిశీలించి సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథం ఈ విషయాన్ని విపులంగా నిరూపించింది. అనాటి యోధవర్గపు తలుపు తెరిచే ఉంది. అది మూసుకున్నది తరువాతి కాలంలో.

శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను ఈ దృష్టితో చదివితే దాని విలువ పెరుగుతుంది. మాల కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించడం, భిన్న కులాల వీరులు ఒకే చాపపై కూర్చుని భోజనం చేయడం కేవలం సంస్కరణకు సంబంధించిన ఘట్టాలు కావు. సైన్యం అనే సంస్థ పుట్టే క్షణంలో కులం కరిగితే తప్ప పని జరగదన్న గ్రహింపు అక్కడ ఉంది. కార్యమపూడి రణరంగంలో మరణించిన వీరులను నేటికీ కార్తిక మాసంలో అక్కడ ఆరాధిస్తారు. అయితే ఆ కృతిలో కూడా ఒక లోటు ఉంది. కోడిపందెం, వనవాసం, రాయబారిగా వెళ్ళిన అలరాజుకు విషం పెట్టించడం, బాలచంద్రుడి పంతం, ఇవన్నీ మనసుకు హత్తుకునేలా సాగుతాయి. మాచెర్ల సీమ ఆదాయం ఎవరిదన్నదే అసలు వివాదమన్న సంగతి మాత్రం కథనం వెనక్కి జారిపోతుంది. పౌరుషం ముందుకు వచ్చి పద్దును కప్పేస్తుంది. ఈ పోకడ మన వీరగాథలన్నిటికీ వారసత్వంగా సంక్రమించింది.

నాయంకర వ్యవస్థ గుణదోషాలను ఓరుగల్లు పతనమే చెబుతుంది. 1323లో కోట పడిపోయింది. నాయకుల మధ్య వైషమ్యాలు ఇందుకు కారణమని సంప్రదాయం. తన తిండి తానే సంపాదించుకునే నాయకుడు తన పగ కూడా తానే చూసుకుంటాడు. కానీ అదే నాయకుడు రాజధాని పోయినా తన సీమలో మిగిలి ఉంటాడు. ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు కొద్ది సంవత్సరాల్లోనే తిరిగి లేచి తుగ్లకుల అధికారాన్ని తొలగించగలిగారంటే, సైన్యం ఒక్క ఖజానాపైన ఆధారపడి ఉండకపోవడమే కారణం. జీతగాళ్ళ సైన్యానికి తల నరికితే మొండెం లేవదు.

వీరగాథల్లో లేని పద్దు మన రాజనీతి వాఙ్మయంలో కనిపిస్తుంది. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు కుమారుడికి చేసే ఉపదేశం కావ్యంలోని నడకకు అడ్డమని భావించిన విమర్శకులున్నారు. నాకు మాత్రం అది మన కవిత్వంలో సైన్యాన్ని కళ్ళు తెరిచి చూసిన అరుదైన ఘట్టం. ఆదాయాన్ని నాలుగు పాళ్ళు చేసి రెండు పాళ్ళు బలాల పోషణకు, ఒక పాలు దానభోగాలకు, ఒక పాలు బొక్కసానికి కేటాయించమంటాడు రాయలు. గుర్రాలు, ఏనుగులు తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించమనీ, లేకుంటే అవి శత్రువులకు చేరుతాయనీ హెచ్చరిస్తాడు. రాజ్యాదాయంలో సగం సైన్యానికి పోతుందన్న నిజాన్ని అలంకారాలతో మరుగుపరచని కవి ఆయన. 1535 ప్రాంతంలో విజయనగరాన్ని వర్ణించిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, నాయకుల ఆదాయాలనూ వారు పోషించవలసిన బలాల సంఖ్యలనూ పేరుపేరునా రాశాడు. రాజు స్వయంగా జీతమిచ్చి పోషించే బలగం వేరుగా ఉండేదనీ చెప్పాడు. అంటే మౌలబలం, భృతబలం రెండూ పక్కపక్కనే ఉండేవి. ఆ సమతూకం తెలిసినవాడు గనుకనే రాయలు పద్యంలో లెక్క చెప్పగలిగాడు. తరువాతి కవులకు ఆ లెక్క మీద ఆసక్తి పోయింది.

ఇప్పుడు బొబ్బిలి వద్దకు వద్దాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమైంది. రంగారాయుడు, ఆయన అనుచరులు తమ స్త్రీలనూ పిల్లలనూ తామే బలి ఇచ్చి కడదాకా పోరాడి మరణించారు. కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు విజయనగర ప్రభువు పెద విజయరామరాజును ఆయన గుడారంలోనే చంపి పగ తీర్చుకున్నాడు. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము మొదలు, పెద్దాడ మల్లేశం పేర ప్రచారంలో ఉన్న కథ మీదుగా, 1964 నాటి చలనచిత్రం దాకా ఈ ఉదంతాన్ని ఎందరో చెప్పారు. అన్నిటిలోనూ మూలకారణం ఒక్కటే: విజయరామరాజు అసూయ, రెండు వంశాల పంతం. ఫ్రెంచి సేనాని బుస్సీ ఆ పంతానికి అరువు తెచ్చుకున్న ఆయుధం మాత్రమే.

కానీ బుస్సీ ఆ ప్రాంతానికి ఎందుకు వచ్చాడు? 1753లో నిజాం సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సేనల జీతాలు చెల్లించలేక ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను బుస్సీకి అప్పగించాడు. ఆ నాలుగు సర్కారుల కప్పం వసూలైతేనే బుస్సీ సైనికులకు నెల గడుస్తుంది. జమీందారుల వద్ద బకాయిలు రాబట్టడానికి ఆయన ఉత్తరానికి కదిలాడు. కప్పం సక్రమంగా ఇచ్చే విజయరామరాజు మాట ఆయనకు ముఖ్యమైంది. బొబ్బిలి కోట మీద పేలిన ఫిరంగుల వెనుక ఉన్నది వంశవైరమే కాదు, ఒక సైన్యపు జీతాల బకాయి కూడా. ఈ విషయం పాటలో లేదు, కావ్యంలో లేదు, సినిమాలో లేదు.

మరొక సంగతి. బొబ్బిలి, విజయనగరం సంస్థానాల మూలపురుషులిద్దరూ 17వ శతాబ్ది మధ్యలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన యోధులేనని ఆయా వంశచరిత్రలు చెబుతాయి. ఒకే దండులో పనిచేసి, భూమి రూపంలో జీతం పుచ్చుకున్న ఇద్దరి వారసులు నూరేళ్ళు తిరిగేసరికి పరస్పరం తుడిచిపెట్టుకున్నారు. వీరు జీతం లేని వీరులు కారు. వీరి జీతం భూమి. భూమి తరతరాలకు మిగులుతుంది గనుక అది జీతమన్న సంగతి మరుగున పడి మర్యాదగా మారింది.

అదే 1757 జనవరి మొదటివారంలో, బొబ్బిలికి ఈశాన్యంగా దూరాన హుగ్లీ తీరంలో మరొక దృశ్యం జరిగింది. మద్రాసు నుంచి ఓడల్లో బయలుదేరిన క్లైవు, వాట్సన్‌ల సేన కలకత్తాను తిరిగి ఆక్రమించుకుంది. ఆ సేనలో సుమారు 900 మంది ఐరోపా సైనికులు, 1500 మంది దక్షిణాది సిపాయిలు ఉన్నారు. సిపాయిల్లో తెలుగులు, తమిళులు, ముస్లిములు కలిసి ఉన్నా వంగదేశీయులకు వారు తెలింగాలుగా కనిపించారు. ఐరోపా కవాతు నేర్చి, కుంపిణీ ఉడుపులు వేసుకున్న ప్రతి సిపాయికీ ఆ పేరే స్థిరపడింది. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తెలింగా అనే మాటకు తెలుగువాడనే అర్థంతో పాటు సిపాయి అనే అర్థం కూడా ఇచ్చింది.

ఆ మాట గంగ వెంబడి పైకి నడిచి చివరకు ఢిల్లీ చేరింది. 1857లో తిరుగుబాటు సిపాయిలు మీరట్ నుంచి ఢిల్లీలో ప్రవేశించినప్పుడు నగరవాసులు వారిని తిలంగే అని పిలిచారు. ఆ సిపాయిలు అవధ్, బిహారు ప్రాంతాల రైతుబిడ్డలు. వారిలో తెలుగు ఎరిగినవారు ఉండే అవకాశమే తక్కువ. అయినా నూరేళ్ళ కిందట మద్రాసు నుంచి ఓడెక్కినవారి పేరు వారికి అంటుకుంది. అనాటి అర్జీలు, ఉత్తర్వులు జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని మహమూద్ ఫారూఖీ 2010లో ఆంగ్లంలో వెలువరించాడు. అంగడివారు తిలంగాలు సరుకు తీసుకుని డబ్బివ్వడం లేదని మొర పెట్టుకుంటారు. సిపాయిలేమో తమకు జీతం అందడం లేదని, పస్తులుంటున్నామని మొర పెట్టుకుంటారు. ఖజానా లేని సిద్ధసైన్యం గతి ఏమిటో ఆ కాగితాలు చెప్పినంత స్పష్టంగా ఏ రాజనీతి గ్రంథమూ చెప్పలేదు. మన పేరు మోస్తున్న ఆ పత్రాలకు తెలుగులో ఒక ఎంపిక సంకలనమైనా వస్తే బాగుంటుంది.

ఒకే మాసంలో జరిగిన ఈ రెండు ఘట్టాల్లో ఒకటి మనకు కన్నీళ్ళతో గుర్తుంది, రెండవది అసలే గుర్తులేదు. కోట కోసం మరణించిన దొరకు కావ్యం దక్కింది. నెల జీతం కోసం సముద్రం దాటినవాడికి ఒక పల్లెపాట కూడా సాహిత్య చరిత్రలో నమోదు కాలేదు. అతడు కూలికి కత్తి పట్టినవాడు, పరాయివాడికి కోటలు గెలిచిపెట్టినవాడు, పాడదగిన పాత్ర కాడని ఎవరైనా అనవచ్చు. పాట చిట్టా పుస్తకం కాదు, జంగం కథకుణ్ణి ఖజానా లెక్కలు అడగడం న్యాయమా అని కూడా అనవచ్చు. రెండవ ఆక్షేపణలో బలముంది. పాట చేయవలసిన పని శోకాన్ని నిలపడం. బొబ్బిలి కథ ఆ పనిని నెరవేర్చింది. నా ఫిర్యాదు పాట మీద కాదు, పాటను చరిత్రగా చదివి తృప్తిపడిన మన విమర్శ మీద. మొదటి ఆక్షేపణకు జవాబు వేరు. తిలంగా యంత్రం కాదు. 1780 అక్టోబరులో విశాఖపట్నంలోని సిపాయిలు తమను ఓడెక్కించి మద్రాసుకు తరలించబోగా తిరగబడ్డారు. జీతంతో కొనదగింది ఎంత, కొనరానిది ఎంత అనే ప్రశ్నను ఆ రేవులో వారు ఆయుధాలతో అడిగారు. ఆ ఘట్టం ఏ నాటకకర్తకైనా చాలినంత వస్తువు.

జీతాల పద్దు అక్కడితో ఆగలేదు. ఇంగ్లీషువారి సహాయ సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలతో కూడిన మండలాలను కుంపిణీకి వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాల సభలో వాటికి రాయలసీమ అనే గౌరవప్రదమైన పేరు వచ్చింది. 1853లో హైదరాబాదు కంటింజెంటు జీతాల బకాయికి బేరారు తదితర జిల్లాలు పోయాయి. సర్కారు జిల్లాలు ఒక సైన్యపు జీతానికి, సీమ మరొక సైన్యపు జీతానికి వెళ్ళగా, మిగిలినది తెలంగాణం. తరువాత నూటయాభై ఏళ్ళపాటు తెలంగాణానికీ, మిగిలిన రెండు ప్రాంతాలకూ పన్నులు వేరు, న్యాయస్థానాలు వేరు, బడిభాషలు వేరు. 1956లో కలిసినప్పుడూ, 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలైనప్పుడూ మనం చర్చించిన తేడాలకు మొదటి గీత అక్కడ పడింది. ఆ గీతకు ఇతర కారణాలూ తోడైనాయి. ఆరంభం మాత్రం ఆ ఒప్పందాల్లోని జీతాల షరతే.

పద్దు మారిన చోట పాత యోధవర్గం బతకలేదు. 1794 జూలై 10న పద్మనాభం వద్ద విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరాడి మరణించాడు. ఆయనపై కుంపిణీ మోపిన నేరాల్లో కప్పం బకాయి ఒకటైతే, సొంత సైన్యాన్ని తొలగించకపోవడం మరొకటి. దత్తమండలాల్లో థామస్ మన్రో 1800 తరువాత పాళెగాండ్రను ఒకరి తరువాత ఒకరిని నిరాయుధులను చేశాడు. గ్రామరక్షణకు ఇనాము భూములు అనుభవిస్తున్న కట్టుబడి బంట్లు మాత్రం కొంతకాలం మిగిలారు. ఆ భూములు కూడా చేజారుతున్న సమయంలోనే, 1846లో, వారు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు. బంటు అనే మాటకు తరువాత పట్టిన దశ మన కార్యాలయాల్లో నేటికీ చూడవచ్చు. కచేరీ గుమ్మం దగ్గర బిళ్ళ తగిలించుకుని నిలబడిన బంట్రోతు ఒకనాటి పదాతి. కలెక్టరు వెంట నడిచే డఫేదారు ఒకనాటి ఆశ్వికదళపు చిన్న అధికారి. ప్యూను అనే పోర్చుగీసు మూలపు మాటకు కూడా మొదటి అర్థం కాలిబంటే.

తిలంగాకూ చివరకు జరిగింది న్యాయం కాదు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, తరువాత భారత సైన్యానికే అధిపతి అయిన రాబర్ట్స్, దక్షిణాది సైనికుల్లో పూర్వపు యుద్ధస్ఫూర్తి చచ్చిపోయిందని 1897లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాశాడు. యుద్ధజాతుల సిద్ధాంతం బలపడిన కొద్దీ సైన్యంలో తెలుగులకు చోటు తగ్గిపోయింది. సిపాయి అనే మాటకే పర్యాయపదమైన జాతి నూటముప్పై ఏళ్ళు తిరిగేసరికి సిపాయిగిరీకి పనికిరానిదైంది. పుట్టుకను బట్టి యోధుణ్ణి నిర్ణయించే పని మన వంశచరిత్రలు మొదలుపెట్టగా, పరాయి పాలకులు దాన్ని సర్కారు నియమంగా మార్చారు. రెండూ తప్పేనని పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం వంటి ఊళ్ళు రుజువు చేశాయి. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఆ గ్రామాన్ని ప్రజలు మిలిటరీ మాధవరమనే పిలుస్తారు.

ఇంతకూ సిద్ధసైన్యం మేలా, కీడా? ఇంగ్లండు ప్రజాప్రతినిధులు 1689 నాటి హక్కుల చట్టంలో, శాంతి సమయంలో పార్లమెంటు అనుమతి లేకుండా రాజు సిద్ధసైన్యాన్ని ఉంచడం చట్టవిరుద్ధమని రాసుకున్నారు. తమ గడ్డ మీద రాజు సైన్యాన్ని చూసి అంత భయపడిన ఆ దేశస్థుల కుంపిణీ, మన గడ్డ మీద మన పన్నులతో రెండు లక్షలకు పైగా సిపాయిలను పోషించింది. పన్ను కట్టినవారిని ఒక్క మాట అడగలేదు. తేడా సైన్యంలో లేదు, అనుమతిలో ఉంది. జీతమిచ్చే చేయి ఎవరిది, ఆ చేయి ఎవరికి లెక్క చెప్పాలి అన్నదానిపైనే గుణమైనా దోషమైనా ఆధారపడుతుంది. స్వతంత్ర భారతంలో సైన్యానికి పెట్టే ప్రతి రూపాయీ ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు ఆమోదం పొందవలసి ఉండటం ఈ చరిత్ర దృష్ట్యా చిన్న విషయం కాదు.

సైనికుడి వైపు నుంచి చూస్తే మరొక ప్రశ్న మిగిలింది. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. నాలుగేళ్ళ సేవ, ఆపై నాలుగోవంతు మందికి మించకుండా స్థిరమైన కొలువు దాని సారాంశం. సైన్యం వయసును తగ్గించడం, పింఛను భారాన్ని అదుపులో ఉంచడం అనే వాదాలు ఒకవైపు ఉన్నాయి. జూన్ 17న సికింద్రాబాదు రైల్వే స్టేషనులో జరిగిన ఆందోళనలో రైళ్ళు దగ్ధమయ్యాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు మరణించాడు. ఆ విధ్వంసాన్ని ఎవరూ సమర్థించరు. కానీ ఆ యువకులు అడిగిన ప్రశ్న కొత్తది కాదు. అలాఉద్దీన్ టంకాలలో జవాబు చెప్పిన ప్రశ్న, ఫిరోజ్ షా వారసత్వంగా జవాబు చెప్పిన ప్రశ్న, కట్టుబడి బంటు ఇనాము పోయినప్పుడు అడిగిన ప్రశ్న అదే: ప్రాణం ఒడ్డమంటున్నారు, రేపు నన్ను ఎవరు చూస్తారు?

బేర్ సరాయ్ గదుల్లో లాభనష్టాలను అంకెలు వేసి వల్లించే తెలుగు విద్యార్థుల్లో కొందరు రేపు అధికారులవుతారు. కొందరి చేతుల్లోకి ఇటువంటి పద్దులే వస్తాయి. వారికి ఒక మనవి. పల్నాటి వీరచరిత్రను, బొబ్బిలి కథను తప్పక చదవండి. కళ్ళు చెమరిస్తే సిగ్గుపడకండి. ఆ తరువాత ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసం తెరవండి. ఆపైన వీలు చూసుకుని జన్‌పథ్‌లోని జాతీయ అభిలేఖాగారానికి వెళ్ళి, 1857 నాటి అర్జీల్లో తిలంగా అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. జీతం అందలేదని మొరపెట్టుకుంటున్న ఆ మనిషికి మన ఊరి పేరే ఉంది. అతడి అర్జీకి తెలుగు సాహిత్యం ఇంకా జవాబు రాయలేదు.